కథ వద్దు, నడక చెప్పండి

"ఏదైనా మంచి సినిమా ఉంటే చెప్పండి" అని అడిగినవాళ్ళకి మనం ఇచ్చే జవాబు చాలాసార్లు వాళ్ళ కోసం ఇచ్చేది కాదు. ఈమధ్య నేనున్న ఒక వాట్సాప్ గ్రూపులో ఒకాయన ఇదే అడిగాడు. ఇంగ్లీషు కాకుండా వేరే దేశాల సినిమాలు చూద్దామని ఉంది, ఇంతవరకూ ఒక్కటీ చూడలేదు, ఎక్కణ్ణించి మొదలుపెట్టమంటారు అని. కాసేపట్లోనే గ్రూపు నిండిపోయింది. రష్యన్ దర్శకుడు తార్కోవ్‌స్కీ అన్నారొకరు. స్వీడన్ దర్శకుడు బెర్గ్‌మన్‌ని చూడకపోతే సినిమా చూసినట్టే కాదన్నారు ఇంకొకరు. మరొకాయన హంగరీ దర్శకుడు బేలా టార్ తీసిన 'సాతాన్‌టాంగో' పేరు రాసి పక్కన దండం బొమ్మలు పెట్టాడు. ఏడు గంటల పైచిలుకు సినిమా అది. అడిగినాయన "థాంక్సండీ అందరికీ" అని ఊరుకున్నాడు. వాటిలో ఏది చూశాడో, అసలు చూశాడో లేదో ఎవరూ అడగలేదు. అప్పటికే గొడవ తార్కోవ్‌స్కీ గొప్పా బెర్గ్‌మన్ గొప్పా అన్నదాని మీదికి వెళ్ళిపోయింది.

ఈ విషయంలో నా అభిప్రాయం ఒకటే. పరభాషా సినిమాని ఎవరికైనా చెప్పేటప్పుడు కథ చెప్పక్కర్లేదు, అవార్డులు చెప్పక్కర్లేదు, దర్శకుడి గొప్పతనం అసలే అక్కర్లేదు. ఆ సినిమా ఎలా నడుస్తుందో చెప్పాలి. ఎక్కడ ఓపిక పట్టాలి, ఎంతసేపు పట్టాలి, పడితే ఏం దక్కుతుంది. అంతే. అది చెప్పలేకపోతే మనం ఆ సినిమా పేరు మోస్తున్నామే తప్ప, సినిమాని ఇంకొకరి చేతిలో పెట్టట్లేదు.

సొంత భాష సినిమాకి ఈ అవసరం అంతగా రాదు. పోస్టర్ చూసి, హీరో ఎవరో తెలుసుకుని, ఇది ఏపాటి వేగంలో వెళ్తుందో ఓ అంచనాకి వచ్చేస్తాం. తెలీని భాషలో ఆ అంచనాకి ఆధారం ఉండదు. పైగా మొదటి పావుగంట కళ్ళకి చాకిరీ ఎక్కువ. కింద అక్షరాలు చదవాలి, పైన ముఖాలు చూడాలి, అన్నీ కొత్త ముఖాలు కాబట్టి ఎవరు ఎవరో గుర్తుపెట్టుకోవాలి. ఇంత పనిలో ఉన్న మనిషికి సినిమా నెమ్మదిగా నడుస్తుంటే, అది దర్శకుడు కావాలని చేసిందా, లేక తనకే ఏదో అందలేదా అన్నది తెలీదు. చాలామంది ఆపేసేది బోరు కొట్టి కాదు, ఈ అనుమానంతో. నాకే అర్థం కావట్లేదేమో అనుకుంటూ రెండు గంటలు కూర్చోవడం ఎవరికి మాత్రం సరదా?

నాతో పనిచేసే ఒకతను ఎవరో చెప్పారని తార్కోవ్‌స్కీ 'స్టాకర్' పెట్టుకుని, మధ్యలో ఆపేసి, మర్నాడు "సబ్‌టైటిల్ సినిమాలు మనవల్ల కాదండీ" అన్నాడు. నాకు బాధనిపించింది అతను 'స్టాకర్' ఆపేసినందుకు కాదు. మామూలుగా ఒక సినిమా నచ్చకపోతే ఆ సినిమాని వదిలేస్తాం, మహా అయితే ఆ దర్శకుణ్ణి. ఇతను కొరియావాళ్ళనీ ఇరాన్‌వాళ్ళనీ జపాన్‌వాళ్ళనీ కట్టగట్టి వదిలేశాడు. చెప్పినాయన మాత్రం "అతనికి టేస్ట్ లేదు" అని తేల్చేశాడు.

నెమ్మదిలో రకాలు

"కాస్త స్లోగా ఉంటుంది గానీ బాగుంటుంది" అనేది మన సిఫార్సుల్లో ఎక్కువగా వినిపించే వాక్యం. దాంతో ఏమీ తెలీదు. నెమ్మదిగా నడిచే సినిమాలన్నీ ఒకే కారణానికి నెమ్మదిగా నడవవు.

క్లూజో తీసిన ఫ్రెంచి సినిమా 'ది వేజెస్ ఆఫ్ ఫియర్' (1953) తీసుకోండి. దీని కథ ఒక్క ముక్కలో చెప్తే ఎవరైనా ఎగిరి కూర్చుంటారు. దూరాన చమురు బావి అంటుకుంది. ఆ మంట ఆర్పాలంటే నైట్రోగ్లిజరిన్ పట్టుకెళ్ళాలి. చిన్న కుదుపుకి పేలిపోయే సరుకు. రెండు లారీలు, నలుగురు డ్రైవర్లు, గతుకుల రోడ్డు. ఇంత చెప్పి వదిలేస్తే విన్నవాడు సినిమా పెట్టుకుని లారీ ఎప్పుడు కదులుతుందా అని చూస్తాడు. దాదాపు గంటదాకా అది కదలదు. ఆ గంటసేపూ ఎండలో కాలిపోతున్న ఓ ఊరు, అందులో పనిలేక, ఊరు దాటడానికి చార్జీ డబ్బుల్లేక పడి ఉన్న మనుషులు, వాళ్ళ చిల్లర తగాదాలు. ల్యాగ్ అనుకుని ఆపేసేవాళ్ళు సరిగ్గా అక్కడ ఆపేస్తారు.

అందుకని నేను ఈ సినిమా చెప్పేటప్పుడు ఇలా చెప్తాను: మొదటి గంట నీకు చిరాకొస్తుంది. ఆ ఊళ్ళో ఇరుక్కుపోయినవాళ్ళకున్న చిరాకే అది, రానీ. ఎంత చిరాకొస్తే, చావుకి తెగించి ఆ పని ఎందుకు ఒప్పుకున్నారో అంత బాగా తెలుస్తుంది. లారీ కదిలాక నువ్వు మంచినీళ్ళకి కూడా లేవవు. కొండ మలుపులో కుళ్ళిపోయిన చెక్కల మీదికి లారీని రివర్స్ చేయాల్సిన సీను ఒకటుంది, అక్కడిదాకా చూసి నచ్చకపోతే నన్ను తిట్టు. ఇలా చెప్పి పంపినవాళ్ళు ఆ గంటని భరిస్తారు. ఎందుకు భరిస్తున్నారో వాళ్ళకి తెలుసు కాబట్టి.

ఇదే మాట జపాన్ దర్శకుడు ఒజు తీసిన 'టోక్యో స్టోరీ'కి (1953) చెప్తే అబద్ధమవుతుంది. అందులో ఓపిక పడితే తర్వాత పేలేదేమీ లేదు. ముసలి దంపతులు పెద్దయిన పిల్లల్ని చూడ్డానికి టోక్యో వస్తారు. పిల్లలు చెడ్డవాళ్ళేం కాదు, తీరిక లేనివాళ్ళు. కెమెరా దాదాపు కదలదు. మొదట్లోనే ఒక సీను ఉంది. నాయనమ్మ చిన్న మనవణ్ణి తీసుకుని గట్టు మీదికి వెళ్తుంది. పెద్దయ్యాక ఏమవుతావురా, నాన్నలాగా డాక్టరవుతావా అని అడుగుతుంది. నువ్వు డాక్టరయ్యేనాటికి నేనుంటానో లేదో అంటుంది. వాడు పలకడు, గడ్డితో ఆడుకుంటూ ఉంటాడు. అంతే, సీను అయిపోయింది. ఈ సీను గురించి విని "అయితే?" అనేవాళ్ళకి ఆ సినిమా ఇప్పుడే చెప్పను. విని ఒక్క క్షణం ఆగినవాళ్ళకి చెప్తాను. సినిమా అంతా అలాగే నడుస్తుంది, ఆ ఒక్క సీనే దాని అసలు ట్రైలర్.

మూడో రకం ఇంకా కష్టం. 'సైట్ అండ్ సౌండ్' అనే బ్రిటిష్ సినిమా పత్రిక పదేళ్ళకోసారి విమర్శకుల చేత ఓట్లు వేయించి సర్వకాల ఉత్తమ సినిమాల జాబితా వేస్తుంది. 2022లో మొదటి స్థానం షాంతాల్ ఆకెర్‌మన్ తీసిన 'జాన్ డీల్‌మన్' (1975) సినిమాకి వచ్చింది. మూడు గంటల ఇరవై నిమిషాలు. ఒకావిడ మూడు రోజుల ఇంటిపని. వంట చేస్తుంది, గిన్నెలు కడుగుతుంది, పక్క సర్దుతుంది, లైటు ఆపి గది దాటుతుంది. మొదటి రోజంతా ఇదేమిట్రా అనిపిస్తుంది. రెండో రోజు బంగాళాదుంపలు మరీ ఎక్కువ ఉడికిపోతాయి. డబ్బులు దాచే గిన్నెకి మూత పెట్టడం మరిచిపోతుంది. అప్పుడు చూసేవాళ్ళకి నిజంగా టెన్షన్ పుడుతుంది, మూత కోసం! మొదటి రోజు ఆ విసుగు లేకపోతే రెండో రోజు ఆ మూతకి విలువే లేదు. జాబితాలో మొదటిది కదా అని తొలిసారి చూసేవాళ్ళకి దీన్ని అంటగట్టడం మాత్రం దుర్మార్గం. కొన్ని సినిమాలు అలవాటయ్యాక చూడాల్సినవి.

అయితే నడక చెప్తే చాలు, గురి తప్పదు అంటే నమ్మకండి. ఒజు సినిమాల్ని తలకెత్తుకున్న అమెరికన్ విమర్శకుడు రోజర్ ఈబర్ట్, ఇరాన్ దర్శకుడు కియరోస్తమీ తీసిన 'టేస్ట్ ఆఫ్ చెర్రీ'కి (1997) నాలుగింట ఒక్క స్టారు ఇచ్చాడు. ఆ సినిమా కాన్స్ చిత్రోత్సవంలో పామ్ డోర్ అనే అత్యున్నత బహుమతిని పంచుకున్న సినిమా. అందులో ఒకాయన కారేసుకుని టెహ్రాన్ శివార్లలో మట్టి దిబ్బల మధ్య తిరుగుతూ, తాను చనిపోయాక తన మీద మట్టి కప్పే మనిషి కోసం వెతుకుతాడు. నెమ్మది సినిమాలు ఈబర్ట్‌కి కొత్తా? ఒజు నెమ్మది ఆయనకి పట్టింది, కియరోస్తమీ నెమ్మది పట్టలేదు. అంత చూసినాయనకే అలా ఉంటే, "స్లోగా ఉంటుంది గానీ బాగుంటుంది" అని మనం చెప్పే ముక్క ఏ మూలకి?

అవార్డు పేరు చెప్పి

దీని మీద ఎక్కువ రాయక్కర్లేదు. 1960లో ఇటలీ దర్శకుడు ఆంతోనియోనీ తీసిన 'లవెంతూరా'ని కాన్స్‌లో ప్రేక్షకులు గోల చేసి ఎగతాళి చేశారు. అదే ఉత్సవంలో దానికి జ్యూరీ బహుమతి వచ్చింది. రెండూ నిజమే. ఒక హాల్లో కూర్చున్నవాళ్ళే అలా విడిపోయిన సినిమాని ఇంట్లో కూర్చుని చూడబోయే మనిషికి బహుమతి పేరు చెప్పి ఏం ధైర్యం ఇస్తాం? 'సైట్ అండ్ సౌండ్' వాళ్ళు 1952లో తొలిసారి ఓట్లు వేయించినప్పుడు మొదటి స్థానం ఇటలీ దర్శకుడు దె సీకా తీసిన 'బైసికిల్ థీవ్స్'ది (1948). 1962 కల్లా అది అమెరికన్ సినిమా 'సిటిజన్ కేన్'కి పోయింది. సినిమా మారలేదు, ఓటేసినవాళ్ళు మారారు.

నన్నడిగితే 'బైసికిల్ థీవ్స్' గురించి అవార్డులకి బదులు దుప్పట్ల సంగతి చెప్తాను. ఉద్యోగం దొరికింది గానీ సైకిల్ ఉంటేనే ఇస్తారు. సైకిల్ తాకట్టులో ఉంది. భార్య మంచం మీది దుప్పట్లు లాగేసి, మూటగట్టి, వాటిని తాకట్టు పెట్టి సైకిల్ విడిపిస్తుంది. అప్పుడు అక్కడ పనిచేసేవాడు ఆ మూట పట్టుకుని అరల మీదుగా పైకి ఎక్కుతాడు. ఎక్కుతూనే ఉంటాడు. కెమెరా వాడితోపాటు పైకి వెళ్తుంది, కప్పుదాకా మూటలే. ఒక్క మాట లేకుండా ఊరంతా ఎలా ఉందో చెప్పేశాడు దర్శకుడు. సినిమా మొదలైన కాసేపటికే వచ్చే సీను ఇది, చెప్పినా కథేం పోదు. గంటన్నర సినిమా, ఎక్కడా సాగదీత లేదు. పాత నలుపు తెలుపు సినిమా అనగానే మొహం ముడుచుకున్న మనిషి కూడా ఈ సీను వింటే "లింకు పంపు" అంటాడు.

నేను కథకి బదులు ఒక సీను ఎంచుకోవడం ఇందుకే. మొదటి పావు భాగంలోదై ఉండాలి, మనకి బాగా నచ్చినదై ఉండాలి. సినిమా నడక తెలియడానికి అంతకన్నా సులువైన దారి నాకు కనపడలేదు.

"చివర్లో ట్విస్టు ఉంది"

ఇది అన్నిటికన్నా చెడ్డ సిఫార్సు. కథ చెప్పేయడం కన్నా చెడ్డది. మా మేనల్లుడికి వాడి ఫ్రెండెవరో కొరియా సినిమా 'పారసైట్' (2019) చూడరా, మైండ్ బ్లాంక్ అయిపోతుంది, ట్విస్టు మామూలుగా ఉండదు అని చెప్పాడట. వాడితో కూర్చుని నేనూ మళ్ళీ చూశాను. ప్రతి ఐదు నిమిషాలకీ "ఇదేనా మావయ్యా?" అని అడుగుతాడు. డ్రైవర్ మారినప్పుడు అడిగాడు, పనిమనిషి మారినప్పుడు అడిగాడు. డబ్బున్నవాళ్ళ ఇంట్లో పనికి చేరడానికి ఓ పేద కుటుంబం వేసే ఎత్తులు ఎంత సరదాగా ఉంటాయి! వాడు ఒక్కసారీ నవ్వలేదు, అనుమానంగా చూస్తూ కూర్చున్నాడు. తీరా వానలో రాత్రిపూట కాలింగ్ బెల్ మోగేసరికి, అప్పటికే ఊహించి ఊహించి అలిసిపోయి, "ఓ, ఇదా" అన్నాడు. ఆ సీనుకి నోరు తెరుచుకుని చూడాల్సిన వయసు వాడిది.

అదే "మొదటి గంట నవ్వుకుంటూ చూస్తావు, తర్వాత నవ్వడం కుదరదు" అని చెప్పి ఉంటే? ఏమవుతుందో వాడికి తెలిసేది కాదు, ఎలా చూడాలో తెలిసేది.

చదవలేనివాళ్ళ సంగతి

సబ్‌టైటిల్స్‌తోనే చూడాలి, డబ్బింగ్ చూడటం పాపం అని మనలో కొందరికి గట్టి పట్టింపు. నటుడి గొంతు నటనలో సగం అంటారు. నిజమే. కానీ ఆ పట్టింపుతో తలమీద పెట్టుకునే పాత ఇటాలియన్ సినిమాల్లో చాలావాటికి గొంతులు షూటింగ్ అయ్యాక స్టూడియోలో కలిపినవే. ఫెల్లినీ 'లా స్ట్రాదా'లో (1954) ఆంథొనీ క్విన్ అమెరికన్ నటుడు. ఇటాలియన్ ప్రింటులో వినపడే గొంతు ఆయనది కాదు. 'ది లెపర్డ్'లో (1963) బర్ట్ లాంకాస్టర్ సంగతీ అంతే. అసలు గొంతు అని మనం మురిసిపోయేది కూడా ఒక్కోసారి డబ్బింగే.

నా ఉద్దేశంలో ఇది కూడా నడకను బట్టి తేల్చుకోవాల్సిన విషయం. మా పిన్నికి గబగబా చదవడం కష్టం. ఆవిడతో కూర్చుని కియరోస్తమీదే 'వేర్ ఈజ్ ద ఫ్రెండ్స్ హౌస్?' (1987) పెట్టాను. పక్కింటి పిల్లలా ఉండే ఓ చిన్న కుర్రాడు తన తోటివాడి నోటుబుక్కు పొరపాటున ఇంటికి తెచ్చేస్తాడు. మర్నాడు అందులో హోంవర్కు రాయకపోతే ఆ తోటివాణ్ణి బళ్ళోంచి పంపేస్తానని మాస్టారు అని ఉన్నాడు. వీడు వాళ్ళమ్మతో పుస్తకం ఇచ్చొస్తానని చెప్తాడు. ఆవిడ బట్టల పనిలో ఉంటుంది. ముందు హోంవర్కు చేసుకో అంటుంది. వాడు మళ్ళీ చెప్తాడు. చంటిదాన్ని చూడు అంటుంది. వాడు మళ్ళీ అదే చెప్తాడు. నేను మొదట్లో సబ్‌టైటిల్స్ పైకి చదివి వినిపిస్తూ ఉన్నాను. ఆ సీను సగంలో పిన్ని చెయ్యి అడ్డంపెట్టి, "నువ్వు చదవకు, నాకు తెలుస్తోంది. ఆ పిల్లాడి మాట ఒక్కళ్ళూ వినరేంట్రా!" అంది. తర్వాత సినిమా అంతా నేను చదివింది చాలా తక్కువ. ఒకే మాట పదిసార్లు చెప్పాల్సి రావడమే ఆ సినిమా నడక, దానికి భాష అంతగా అడ్డు రాదు.

అదే ఇరాన్ నుంచి వచ్చిన 'ఎ సెపరేషన్' (2011) పిన్నికి సబ్‌టైటిల్స్‌తో పెట్టను. అందులో ఒకరి మాట మీద ఒకరు మాట్లాడతారు, ఎవరికి ఏ సంగతి ఎప్పుడు తెలుసు అన్నదాని మీదే అంతా నిలబడి ఉంటుంది. ఒక్క వాక్యం జారిపోతే ఇంకో పావుగంట అర్థం కాదు. ఆవిడకి డబ్బింగే మంచిది. గొంతు పోతే పోయింది, కథ చేతికి వస్తుంది.

ఎదురు మాటలు

ఇదంతా విని ఒక మిత్రుడు అన్నాడు: "ఎవరేం తట్టుకోగలరో నువ్వెవరివి తేల్చడానికి? పెద్ద సినిమా పేరు చెప్పు, వాళ్ళే తేల్చుకుంటారు. ఇలా చెంచాతో తినిపించడం అవతలివాళ్ళని తక్కువ చేయడమే." ఈ మాట నన్ను ఇబ్బంది పెడుతుంది, ఎందుకంటే ఇందులో కొంత నిజం ఉంది. సత్యజిత్ రాయ్ 1950లో లండన్‌లో 'బైసికిల్ థీవ్స్' చూసి, ఇలాంటి సినిమా తీయాలని నిశ్చయించుకుని బయటికొచ్చాడు. అది ఎలా నడుస్తుందో, ఎక్కడ ఓపిక పట్టాలో ఆయనకి ఎవరూ నూరిపోయలేదు. అయితే రాయ్ అప్పటికే ఫిల్మ్ సొసైటీ పెట్టి సినిమాలు నమిలి మింగిన మనిషి. వాట్సాప్‌లో అడిగినాయన ఇంకా ఒక్కటీ చూడలేదు.

ఇంకో సంగతి కూడా గుర్తొస్తుంది. జపాన్ దర్శకుడు కురొసావా తీసిన 'రషోమాన్' (1950) వెనిస్ చిత్రోత్సవానికి వెళ్ళడానికి కారణం జూలియానా స్ట్రామిజోలీ అనే ఇటాలియన్ ఆవిడ. జపాన్‌లో ఇటాలియన్ సినిమాల సంస్థ తరఫున పనిచేసేది. సినిమా తీసిన డైయే కంపెనీకే దాని మీద పెద్ద నమ్మకం లేదు. ఆవిడ పట్టుబట్టి చెప్పింది. పంపినట్టు కురొసావాకే తెలీదు. 1951లో దానికి అక్కడి అత్యున్నత బహుమతి గోల్డెన్ లయన్ వచ్చింది, జపాన్ సినిమా బయటి ప్రపంచం కంట్లో పడింది. ఆ హాల్లో కూర్చున్నవాళ్ళని ఎవరూ ముందుగా సిద్ధం చేయలేదు. అలాగని నా వాదన కొట్టుకుపోతుందా? పూర్తిగా పోదు. చిత్రోత్సవానికి వచ్చి కూర్చున్నవాళ్ళు అంత తేలిగ్గా లేచి పోరు. ఇంట్లో చేతిలో రిమోట్ ఉన్న మనిషి పోతాడు.

రెండో అభ్యంతరం దర్శకుల వైపు నుంచి. 'స్టాకర్' మరీ నెమ్మదిగా ఉందని సోవియట్ అధికారులు అంటే, మొదట్లో ఇంకా నెమ్మదిగా, ఇంకా విసుగ్గా ఉండాల్సింది, దారి తప్పి ఈ హాల్లోకి వచ్చినవాళ్ళు అసలు కథ మొదలయ్యేలోపు వెళ్ళిపోడానికి వీలుండేది అని తార్కోవ్‌స్కీ అన్నాడని చెబుతారు. ఆ పొగరు నాకు ఇష్టమే. కానీ చూడండి, ఆయన కూడా చెప్తున్నది నడక సంగతే. సినిమా మొదట్లోనే బోర్డు పెట్టాడు. ఆ బోర్డు మనం ఇంకాస్త ముందు, పేరు చెప్పేటప్పుడే పెడితే, 'స్టాకర్' మధ్యలో ఆపేసిన అతనూ నేనూ మర్నాడు టీ దగ్గర ఇంకో సినిమా గురించి మాట్లాడుకునేవాళ్ళం.

ఒక నష్టం మాత్రం ఒప్పుకోవాలి. ఏమీ తెలీకుండా, పేరు కూడా సరిగ్గా పలకడం రాకుండా చూసిన సినిమాలు కొన్ని నాకు ఇప్పటికీ వేరుగా గుర్తున్నాయి. నడక ముందే చెప్తే ఆ అనుభవం పోతుంది. బాగా అలవాటు పడినవాళ్ళకి నేను అసలేం చెప్పను, పేరు చెప్పి ఊరుకుంటాను. మొదటి ఒకటి రెండు సినిమాలకే ఈ సాయం.

ఇంతకీ ఎవరికి ఏం చెప్తానంటే

యాక్షన్ ఇష్టపడేవాళ్ళకి కురొసావా 'సెవెన్ సమురాయ్' (1954). 207 నిమిషాలు, మధ్యలో సినిమాయే విరామం ఇస్తుంది, అక్కడ ఆపి మర్నాడు చూసినా తప్పులేదు. మొదటి భాగమంతా మనుషుల్ని పోగుచేయడం. ఆ ఏడుగురి ముఖాలూ, చేష్టలూ అప్పుడే గుర్తుపెట్టుకో, చివర్లో వానలో బురదలో పోరాటం జరిగేటప్పుడు ఎవరు పడిపోయారో తెలియాలంటే అది కావాలి అని చెప్తాను. పిల్లలున్న ఇంటికి జపాన్ యానిమేషన్ సినిమా 'మై నైబర్ టోటొరో' (1988). విలన్ లేడు, యుద్ధం లేదు, ఎవరో ఒకరు వస్తారని ఎదురుచూడకండి, బస్టాపులో గొడుగు మీద చినుకులు పడే సీను కోసం కూర్చోండి అని ముందే చెప్తాను. టెన్షన్ కావాలన్నవాళ్ళకి లారీల సినిమా. ఏడవడానికి సిద్ధంగా ఉన్నామనే వాళ్ళకి ఒజు, అది కూడా పగటిపూట, ఫోను పక్కన పెట్టగలిగే రోజు.

చూసొచ్చాక బాగుందా అని అడగను. మొహమాటానికి బాగుందనే అంటారు. ఎక్కడ ఆపావు అని అడుగుతాను. ఇరవయ్యో నిమిషంలో ఆపేసినవాళ్ళకి తర్వాత వేరే దారిలో సినిమా వెతకాలి. చివరిదాకా చూసి, "ఏంటండీ ఆ ముగింపు, అలా వదిలేశాడు!" అని నా మీద ఎగిరినవాళ్ళకి మాత్రం ఆ పూటే ఇంకో పేరు చెప్పేస్తాను.